ఐర్లండ్ శీతకాలపు రాత్రి ఆకాశం: ఇంటి పెరడా, విక్లో కొండలా, మేయో చీకటా? ఏది మేలు?

డిసెంబరు మూడో వారంలో డబ్లిన్‌లో సాయంత్రం నాలుగు దాటి పది నిమిషాలైనా కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. మరునాడు ఉదయం ఎనిమిదిన్నర దాటితే గాని మళ్లీ కనిపించడు. అంటే రాత్రి దాదాపు పదహారున్నర గంటలు. అందులో సంజ వెలుగు ఆనవాలు కూడా లేకుండా ఆకాశం పూర్తిగా నల్లబడి ఉండే సమయమే ఇంచుమించు పన్నెండు గంటలు ఉంటుంది. పైగా చలి కూడా ఓర్చుకోగలిగినదే. ఇంచుమించు ఇదే అక్షాంశం మీద ఉన్న కెనడా నగరం ఎడ్మంటన్‌లో జనవరి రాత్రి సున్నాకు పది డిగ్రీలు దిగువకు పోవడం మామూలు విషయం కాగా, ఐర్లండ్‌లో శీతకాలపు సగటు ఉష్ణోగ్రత ప్రాంతాన్ని బట్టి 4 నుంచి 7 డిగ్రీల మధ్య ఉంటుంది. ఒక స్వెటరు, దాని మీద గాలిని ఆపే కోటు, చెవులు మూసే టోపీ ఉంటే గంటసేపు ఆరుబయట నిలబడవచ్చు. ఈ లెక్కన నక్షత్రాలు చూసేవారికి ఇంతకు మించిన దేశం ఉండకూడదు.

చిక్కంతా మబ్బుతోనే. శీతకాలాన్ని ఇంత మెత్తగా ఉంచుతున్న అట్లాంటిక్ మహాసముద్రమే ఆకాశాన్ని కప్పేస్తుంది. నైరుతి నుంచి వచ్చే గాలి వెచ్చని నీటి మీదుగా ప్రయాణించి, తేమ నింపుకుని, ఐర్లండ్ తీరాన్ని తాకి ముసురుగా కురుస్తుంది. ఈ దేశంలో సగానికి పైగా సమయం ఆకాశం పూర్తిగా మబ్బు పట్టి ఉంటుందని ఐర్లండ్ వాతావరణ శాఖ మెట్ ఏరన్ చెబుతోంది. కనుక వెచ్చదనమూ నక్షత్రాలూ రెండూ ఒకే రాత్రి దొరకడం అరుదు. థర్మామీటరు 11 డిగ్రీలు చూపిస్తున్న జనవరి రాత్రి బయటికి వెళ్లి తల ఎత్తి చూడవలసిన పని కూడా ఉండదు. ఆ వెచ్చదనమే మబ్బు సంగతి చెప్పేస్తుంది. హైదరాబాదులో శీతకాలమంటే ఈశాన్యపు పొడిగాలి, వారాల తరబడి మచ్చ లేని ఆకాశం. అక్కడ పెరిగినవారికి ఇక్కడి తీరు అలవాటు కావడానికి రెండు మూడు శీతకాలాలు పడుతుంది. నాకు మూడు పట్టాయి.

అందుచేత ఇక్కడ అసలు ప్రశ్న ఏమిటంటే, అరుదుగా దొరికే తేట రాత్రిని ఎక్కడ ఖర్చు పెట్టాలి? డబ్లిన్ శివారులో ఉండేవారికి నాలుగు దారులున్నాయి. మొదటిది ఇంటి వెనుక పెరడు. రెండవది గంట ప్రయాణంలో ఉన్న విక్లో కొండలు, ముఖ్యంగా సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్న శాలీ గ్యాప్ కూడలి. మూడవది సుమారు నాలుగు గంటల దూరంలో, పడమటి తీరాన వైల్డ్ నెఫిన్ జాతీయ ఉద్యానంలో 2016లో గుర్తింపు పొందిన మేయో డార్క్ స్కై పార్క్, అంటే రాత్రి చీకటిని దీపాల వెలుగు నుంచి కాపాడే చోటు. నాలుగవది ఇంకా దూరంగా, నైరుతి కొసన ఐవెరా ద్వీపకల్పంలో సుమారు 700 చదరపు కిలోమీటర్ల మేర పరచుకుని, 2014 జనవరిలో గుర్తింపు పొందిన కెర్రీ డార్క్ స్కై రిజర్వ్. ఈ చివరి రెండింటికీ దక్కినది అత్యున్నతమైన స్వర్ణ శ్రేణి గుర్తింపు.

చీకటిని మాత్రమే కొలమానంగా తీసుకుంటే చర్చ ఇక్కడే ముగుస్తుంది. డబ్లిన్ శివారు పెరట్లోంచి చంద్రుడు లేని రాత్రి కొన్ని వందల నక్షత్రాలు కనిపిస్తే గొప్ప. పాలపుంత జాడ ఉండదు. మేయోలో, బాలీక్రాయ్ దగ్గరి బురదనేలల మధ్య నిలబడి కళ్లను ఇరవై ముప్పై నిమిషాలు చీకటికి అలవాటు పడనిస్తే వేలల్లో నక్షత్రాలు కనిపిస్తాయి. కాసియోపియా నక్షత్ర మండలం నుంచి ఆరిగా మీదుగా ఓరియన్ పక్కగా దిగే శీతకాలపు పాలపుంత, వేసవి పాలపుంత కంటే పలచనిదే అయినా, అక్కడ స్పష్టంగా తెలుస్తుంది. పాతిక లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమీడా గెలాక్సీ శీతకాలం మొదట్లో సాయంత్రాలు దాదాపు నడినెత్తి మీద ఉంటుంది. దాన్ని చూడడానికి అక్కడ ఏ పరికరమూ అక్కర్లేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో సంజ పూర్తిగా ఆరిపోయాక పడమట ఏటవాలుగా లేచే రాశిచక్ర కాంతి, అంటే గ్రహాల నడుమ ఉన్న ధూళి మీద పడి చెదిరే సూర్యకాంతి, అక్కడి నుంచి కనిపిస్తుంది. డబ్లిన్ నుంచి ఎన్నటికీ కనిపించదు.

అయితే ఐర్లండ్ పటంలో చీకటి ప్రదేశాలనూ వాన ఎక్కువ కురిసే ప్రదేశాలనూ గుర్తించి చూస్తే అవి చాలావరకు ఒకటే అని తెలుస్తుంది. ఇది కాకతాళీయం కాదు. పడమటి కొండలు అట్లాంటిక్ మబ్బును ముందుగా పట్టుకుంటాయి కనుక అక్కడ వాన ఎక్కువ. వాన ఎక్కువై నేల బురదగా ఉంది కనుక జనం తక్కువ. జనం తక్కువ కనుక దీపాలు తక్కువ. తూర్పు తీరంలో ఏడాదికి సుమారు 150 రోజులు వాన పడితే, పడమటి కొసలలో ఆ లెక్క 225కు చేరుతుంది. డబ్లిన్‌లో ఏడాది వర్షపాతం 750 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే, కెర్రీలోని వాలెన్షియాలో దానికి రెట్టింపు. పెరట్లో చీకటి తక్కువ, పడమట తేట ఆకాశం తక్కువ. ఈ బేరంలో ఎటు మొగ్గాలో చీకటి పటం చెప్పదు.

అది చెప్పగలిగేది గాలి. నా దృష్టిలో ఐర్లండ్‌లో ఆకాశం చూడదలచినవారు మొట్టమొదట నేర్చుకోవలసినది నక్షత్రాల పేర్లు కాదు, గాలి ఏ దిక్కు నుంచి వీస్తోందో చూసి దాని అర్థం గ్రహించడం. నైరుతి గాలి ఉన్న రాత్రి దేశమంతా మబ్బే; ఇంట్లో పుస్తకం చదువుకోవడం మేలు. శీతల వాయుముఖం, అంటే వెచ్చని గాలిని తోసుకుంటూ వచ్చే చల్లగాలి అంచు, దాటిపోయి గాలి వాయవ్యానికి తిరిగితే పరిస్థితి మారిపోతుంది. అప్పుడు పడమటి తీరానికి జల్లుల మీద జల్లులు వస్తూనే ఉంటాయి గాని, అవి దేశాన్ని అడ్డంగా దాటి తూర్పుకు చేరేలోగా చాలావరకు ఆరిపోతాయి. ఆ రాత్రి డబ్లిన్ మీద, విక్లో మీద మబ్బులు తునకలై, వాటి మధ్య కడిగినట్టున్న ఆకాశం కనిపిస్తుంది. ధ్రువప్రాంతం నుంచి వచ్చిన ఆ గాలిలో ధూళి తక్కువ కనుక ఏడాది మొత్తంలో అత్యంత నిర్మలమైన ఆకాశం అదే. తూర్పు గాలి వీచినప్పుడు లెక్క సరిగ్గా తిరగబడుతుంది. అప్పుడు ఐరిష్ సముద్రం మీద పుట్టిన మబ్బు డబ్లిన్‌ను కప్పుతుంది. కొండల చాటున ఉన్న మేయో, కెర్రీ తీరాలు తేటపడతాయి. మేయోకు బయలుదేరవలసిన రాత్రి ఇదే, అది అమావాస్యకు దగ్గరలో పడితే మరీ మంచిది.

మిగిలినది అధిక పీడనం కమ్ముకున్న రాత్రి. గాలి ఆగిపోతుంది, గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది, అందరూ ఆకాశం చూడడానికి ఇదే అదను అనుకుంటారు. సగం నిజమే. కొన్నిసార్లు అధిక పీడనం కిందే పలచని మబ్బు పొర ఒకటి మూతలా బిగుసుకుపోయి నాలుగైదు రోజులు కదలదు. మబ్బు లేకపోతే పల్లపు ప్రాంతాల్లో పొగమంచు దిగుతుంది. అటువంటి రాత్రి శాలీ గ్యాప్ వంటి ఎత్తైన చోటు పనికివస్తుంది: కింద లోయలు పొగమంచులో మునిగి ఉండగా పైన చుక్కలు కనిపించే అవకాశం ఉంటుంది. విక్లోకు నేను ఇచ్చే మార్కులు ప్రధానంగా ఈ ఒక్క సందర్భానికే. మిగతా రాత్రుల్లో అక్కడ ఉత్తర దిక్కు సగం డబ్లిన్ దీపాల వెలుగులోనే ఉంటుంది, కొండ దారిలో మంచు గడ్డకట్టి ఉంటే కారు ప్రయాణం ప్రమాదం కూడా. శీతకాలం మెత్తనిదని నమ్మి కొండెక్కేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: 2010 డిసెంబరు 25న మేయో కౌంటీలోని స్ట్రేడ్‌లో సున్నాకు 17.5 డిగ్రీలు దిగువన నమోదైంది.

ఇక పెరటి సంగతి. చీకటి అవసరం లేనివి, లేదా ఎక్కువగా లేనివి, ఆకాశంలో చాలానే ఉన్నాయి. చంద్రుడికి, గ్రహాలకు డబ్లిన్ అయినా మేయో అయినా ఒక్కటే. గురుడు 2024-25 శీతకాలంలో వృషభంలోను, 2025-26లో మిథునంలోను ఉండడంతో ఇక్కడ 60 డిగ్రీల ఎత్తు దాకా ఎక్కి వచ్చాడు. ఆ ఎత్తులో ఇళ్ల కప్పులు గాని, దిగంతం దగ్గరి చెమ్మ గాని అడ్డు రావు. పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తిక, దాని వెనకే ఎర్రని రోహిణి, ఆ తరువాత ఓరియన్ భుజాన ఆర్ద్ర, ఇవన్నీ వీధిదీపాల మధ్యనుంచే గుర్తుపట్టవచ్చు. మన వైపు నుంచి వచ్చినవారికి పెరట్లోనే ఒక వింత కూడా తోస్తుంది. హైదరాబాదులో 17 డిగ్రీల ఎత్తున ఇళ్ల వెనుక దాగి ఉండే ధ్రువ నక్షత్రం ఇక్కడ 53 డిగ్రీల ఎత్తున నిలబడి ఉంటుంది. సప్తర్షులు ఏ రాత్రీ అస్తమించరు. మన పెళ్లిళ్లలో పురోహితుడు ఒక్కోసారి పట్టపగలే చూపించేసే అరుంధతిని ఇక్కడ మబ్బు లేని ఏ రాత్రయినా నిజంగానే చూడవచ్చు. దానికి బదులుగా అగస్త్యుణ్ణి వదులుకోవాలి: హైదరాబాదులో దక్షిణాన 20 డిగ్రీల ఎత్తుకు వచ్చే ఆ నక్షత్రం ఐర్లండ్‌లో ఎన్నడూ ఉదయించదు. సిరియస్ కూడా 20 డిగ్రీలకు మించి లేవదు, ఎదురింటి కప్పు మీద రంగులు మారుస్తూ మిణుకుమంటూ ఉంటుంది.

మేయో, కెర్రీలలో ఏదని అడిగితే ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. కెర్రీ రెండు డిగ్రీలు దక్షిణాన ఉంది, ఎదురుగా సముద్రం తప్ప మరో అడ్డు లేని దక్షిణ దిగంతం దొరుకుతుంది, శీతకాలం మరింత మెత్తన. కాని డబ్లిన్ నుంచి వెళ్లేవారికి మేయో దగ్గర, పైగా ఉత్తరాన ఉన్నందువల్ల ధ్రువకాంతులు కనిపించే అవకాశం కొంత ఎక్కువ. 2024 మే 10న, మళ్లీ అదే ఏడాది అక్టోబరు 10న వచ్చినంత బలమైన సౌర తుపాను అయితే డబ్లిన్ పెరట్లోంచే ధ్రువకాంతులు చూడవచ్చు, అది వేరే మాట.

స్థలం నిర్ణయమయ్యాక పరికరం సంగతి చాలావరకు దానంతట అదే తేలిపోతుంది. ఇక్కడ ఐర్లండ్ చరిత్రలోని ఒక విడ్డూరాన్ని చెప్పకుండా ఉండలేను. 1845లో మూడవ రాస్ ప్రభువు విలియం పార్సన్స్, దేశం నడిబొడ్డున, మబ్బుకు పెట్టింది పేరైన ఆఫలీ కౌంటీలోని బర్ కోటలో 72 అంగుళాల లోహదర్పణంతో టెలిస్కోపు నిలబెట్టాడు. 1917లో అమెరికాలోని మౌంట్ విల్సన్ మీద వంద అంగుళాల టెలిస్కోపు వచ్చేదాకా ప్రపంచంలో అంతకన్నా పెద్దది లేదు. రెండు పెద్ద గోడల మధ్య వేలాడే ఆ గొట్టం పక్కలకు కొద్దిగానే తిరిగేది. అందువల్ల ఏ వస్తువైనా దాని ముందునుంచి దాటిపోయే కొద్దిసేపే చూడాలి, ఆ కాసేపటికి మబ్బు కూడా దయ తలచాలి. అటువంటి స్థితిలోనే ఆయన అదే ఏడాది ఎం51 అనే నెబ్యులాలో (మసక మబ్బులా కనిపించే వస్తువు; నేడు దాన్ని గెలాక్సీ అంటాం) సర్పిలాకారాన్ని చూసి బొమ్మ గీశాడు. నెబ్యులాలలో సర్పిలాకారాన్ని గుర్తించడం అదే మొదటిసారి.

కాని రాస్ ప్రభువుకు పనివారున్నారు, కోట ఉంది. ఉదయం తొమ్మిదికి ఆఫీసులో ఉండవలసినవారికి ఈ ఆకాశం కింద పెద్ద టెలిస్కోపు కన్నా, వస్తువును పది రెట్లు పెద్దది చేసి చూపే 50 మిల్లీమీటర్ల కటకాలున్న బైనాక్యులరే మేలని నా అభిప్రాయం. టెలిస్కోపును ఇంటి వెచ్చదనంలోంచి బయట పెట్టాక దాని దర్పణం చల్లబడి బొమ్మ నిలకడ కావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. వాయవ్యపు గాలి ఇచ్చే మబ్బు సందు ఒక్కోసారి అంతసేపు కూడా ఉండదు. తేమ మరో శత్రువు: ఇక్కడి శీతకాలంలో కటకం గడ్డకట్టదు గాని పావుగంటలో చెమ్మ కమ్ముతుంది, దాన్ని ఆపడానికి వేడి పట్టీలు, వాటికి బ్యాటరీలు కావాలి. బైనాక్యులరయితే కోటు జేబులో పడేసుకుని వెళ్లి, ఓరియన్ ఖడ్గంలోని నెబ్యులాను, కృత్తికలో కంటికి అందని డజన్ల నక్షత్రాలను, ఆండ్రోమీడా మసక వెలుగును అయిదు నిమిషాల్లో చూసి రావచ్చు. గురుగ్రహపు పట్టీలు, శని వలయాలు చూడాలన్న కోరిక బలంగా ఉన్నవారికి మాత్రం టెలిస్కోపు తప్పదు. వారు అధిక పీడనపు నిశ్చలమైన రాత్రుల కోసం ఎదురు చూడాలి. వాయవ్యపు గాలి రాత్రి ఆకాశం ఎంత నిర్మలమైనా పైన గాలి ఉరవడికి గ్రహబింబం నీటి అడుగున రాయిలా కదులుతూ ఉంటుంది.

ఉల్కల విషయంలోనూ మబ్బు దృష్టితోనే ఎంచుకోవాలి. జనవరి 3, 4 తేదీల్లో వచ్చే క్వాడ్రాంటిడ్‌ల ఉద్ధృతి కొద్ది గంటలే. ఆ కొద్ది గంటల్లో ముసురు పడితే మళ్లీ ఏడాది ఆగాలి. డిసెంబరు 13, 14 తేదీల జెమినిడ్‌లు ఒక రోజుకు పైగా జోరు తగ్గకుండా కురుస్తాయి, వాటి ఉద్గమ స్థానం, అంటే అవి పుట్టుకొస్తున్నట్టు కనిపించే చోటు, ఐర్లండ్ ఆకాశంలో అర్ధరాత్రి దాటాక 70 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఒక రాత్రి మబ్బు పడితే మరో రాత్రి మిగులుతుంది. ఆఫీసులో శీతకాలానికి ఒక్క రోజే సెలవు పెట్టగలిగితే దాన్ని జెమినిడ్‌లకు దాచుకుని, 12వ తేదీ సాయంత్రం గాలి దిక్కు చూస్తాను. తూర్పు గాలయితే మేయోకు కారు తీస్తాను. వాయవ్యమయితే వెనుక తలుపు దగ్గర కుర్చీ, దుప్పటి, బైనాక్యులర్ సిద్ధంగా పెట్టుకుని, అరగంటకోసారి లేచి చూస్తాను.