జాగ్రత్త: "కండల్లో కొవ్వు కరిగిస్తాం, షుగర్ పోతుంది" అనే డబ్బాలు కొనకండి. నాకు రూ.18,500 పోయింది

పేరు రాయను. రాస్తే లీగల్ నోటీసు వస్తుందని వాళ్లే చెప్పారు, అదీ నవ్వుతూ. అయినా రీల్స్ చూసేవాళ్లకి తెలిసిపోతుంది. మటన్ ముక్కని చాకుతో అడ్డంగా కోసి, లోపలి తెల్లచారలు చూపించి "మీ తొడలో కూడా ఇదే ఉంది సార్, అందుకే మీ షుగర్ దిగట్లేదు" అంటాడు చూడండి, వాళ్లే.

నాకు 44 ఏళ్లు, 63 కిలోలు, చూడ్డానికి సన్నగానే ఉంటాను. అమ్మకి షుగర్, పెదనాన్నకి షుగర్. ఆఫీసు చెకప్‌లో ఫాస్టింగ్ 112, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ లెక్క) 6.1 వచ్చాయి. డాక్టరు గారు మందు కూడా రాయలేదు, "ఇంకా షుగర్ కాదు, అంచు మీద ఉన్నారు, సాయంత్రం నడక మానకండి, అన్నం కొంచెం తగ్గించండి, మూడు నెలల తర్వాత కనపడండి" అన్నారు. మూడొందల ఫీజుకి చెప్పిన మాటకి విలువేముంటుంది లెండి, పద్దెనిమిది వేలు పోస్తేనే కదా మనకి వైద్యం చేయించుకున్నట్టు ఉంటుంది.

అందుకని ఆ రీల్స్ వాళ్ల దగ్గరికి వెళ్లాను. అక్కడ ఒక కుర్రాడు, కోచ్ అని బ్యాడ్జీ. చెప్పులు విప్పించి ఒక మెషీన్ మీద నిలబెట్టాడు, రెండు చేతులతో పిడులు పట్టుకోమన్నాడు, అర నిమిషంలో కాగితం వచ్చింది. కొవ్వు 27.4 శాతం. "సన్నగా ఉన్నారని మురిసిపోకండి సార్, ఇదంతా మీ కండల్లోపల దాక్కున్న కొవ్వు, ఇన్సులిన్‌ని లోపలికి రానివ్వట్లేదు" అన్నాడు. నాకు నిజంగానే భయమేసింది. అప్పటికప్పుడు ఐదు డబ్బాలు, ఒక్కోటి 3,700, ఫోన్‌లోనే కొట్టేశాను. రోజుకి రెండు స్కూపులు, ఎల్-కార్నిటిన్ ఉందట, కొవ్వుని తీసుకెళ్లి మంటలో పడేస్తుందట. ఇంకో మాట కూడా అన్నాడు, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతోంది: "కోర్సు అయ్యేదాకా నడక ఆపేయండి సార్, ఇప్పుడు నడిస్తే కండ కరుగుతుంది, కొవ్వు మిగులుతుంది." నేను ఆపేశాను! రోజూ స్టేడియం చుట్టూ ఆరు రౌండ్లు కొట్టేవాడిని, మానేసి ఇంట్లో కూర్చుని ఆ పొడి కలుపుకుని తాగాను. మా ఆవిడ "ఏమండీ, నడక మానమనే వైద్యం ఎక్కడైనా ఉందా" అని అడిగింది కూడా. నీకేం తెలుసన్నాను.

ఆరు వారాలయ్యాక, అంటే మొన్న శనివారం, రెండో స్కాన్‌కి పిలిచారు. 22.1 శాతం. చప్పట్లు కొట్టారండీ! నన్ను గోడ ముందు నిలబెట్టి ఫొటో తీశారు, ఇంకో మూడు డబ్బాలు తీసుకుంటే డిస్కౌంట్ అన్నారు. ఆలోచించి చెబుతానని బయటికొచ్చి టీ కొట్టు దగ్గర కూర్చున్నాను. ఇరవై ఏళ్లుగా అకౌంట్స్ చూసేవాణ్ణి, రెండు కాగితాలు చేతికొస్తే పక్కపక్కన పెట్టి వరస తర్వాత వరస టిక్కు కొట్టుకోవడం అలవాటు. వయసు ఒకటే. ఎత్తు ఒకటే. బరువు 63 ఉండేది 64 అయింది, సరే. దాని కింద చిన్న అక్షరాల్లో ఒక వరస. మొదటి కాగితంలో "మోడ్: సాధారణ". రెండోదాంట్లో "మోడ్: అథ్లెట్".

టీ గ్లాసు అక్కడే వదిలేసి లోపలికి పోయాను. ఇదేంటి బాబూ అని అడిగితే ఆ కుర్రాడు తల దించుకున్నాడు, వాడి మీద నాకు కోపం లేదు. లోపల్నుంచి పెద్దాయన వచ్చాడు, రీల్స్‌లో ఉండే ఆయనే. కాగితం చూశాడు, నన్ను చూశాడు, "ఆరు వారాలు మా ప్రొడక్ట్ వాడారు కదా సార్, ఇప్పుడు మీరు అథ్లెటే" అన్నాడు. పక్కన కొత్తగా చేరడానికి వచ్చిన దంపతులు కూడా నవ్వారు. సాధారణ మోడ్‌లో మళ్లీ తియ్యండి అన్నాను. "మీకు షుగర్ తగ్గాలా, మాతో వాదన గెలవాలా?" అన్నాడు. కనీసం సీల్ తియ్యని ఐదో డబ్బా అయినా వెనక్కి తీసుకోమంటే ఆఫర్‌లో కొన్నది వాపసు ఉండదన్నాడు. నోటీసు మాట అన్నది అప్పుడే. నేను ఏమీ అనలేకపోయాను, నాలుక పిడచగట్టుకుపోయింది. ఇంటికొచ్చాక మాత్రం బోలెడన్ని సమాధానాలు తట్టాయి, ఏం లాభం.

రాత్రి మా మేనకోడలికి ఫోన్ చేశాను, విశాఖలో ఫిజియాలజీ పీజీ చదువుతోంది. అంతా విని మొదట అన్న మాట: "మామయ్యా, ఆయన చెప్పిన దాంట్లో సగం నిజమే. అందుకే నువ్వు పడ్డావ్."

ఇన్సులిన్ పనిచేస్తున్నప్పుడు ఒళ్లు తీసుకునే చక్కెరలో ఎక్కువ భాగం, కొలిచి చూస్తే సుమారు 80 శాతం దాకా, పోయేది కండల్లోకేనట. గ్లూట్-4 అనే వాహకాలు కండ కణం లోపల చిన్న చిన్న సంచుల్లో ఉంటాయి, ఇన్సులిన్ కబురు అందితే పైకొచ్చి పొరలో కూర్చుని చక్కెరని లోపలికి లాగుతాయి. కండలో వాడకం కన్నా రాక ఎక్కువై కొవ్వు పేరుకుంటే, ఆ కొవ్వు తాలూకు డయాసైల్‌గ్లిసరాల్, సెరమైడ్ లాంటి మధ్యరకం సరుకు ఆ కబురుని దారిలోనే ఆపేస్తుంది. ఈ రెండింట్లో అసలు దొంగ ఏదన్నదాని మీద శాస్త్రవేత్తలు ఇప్పటికీ కొట్టుకుంటున్నారట. కొవ్వూ చక్కెరా కండలో ఒకదానికొకటి పోటీ అని రాండిల్ అనే ఆయన 1963లోనే రాశాడు. సన్నగా కనపడే మనవాళ్లలో కొవ్వు శాతం ఎక్కువుండటమూ నిజమే, పుణె డాక్టరు యాజ్ఞిక్ గారు 2004లో ఒక ఇంగ్లండ్ డాక్టరుతో కలిసి తమ ఇద్దరి ఫొటోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు, ఇద్దరికీ బీఎంఐ (ఎత్తుకీ బరువుకీ ఉన్న లెక్క) 22.3, ఆ ఇంగ్లండ్ డాక్టరుకి కొవ్వు 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2.

"మరి అబద్ధం ఎక్కడుందే?" అన్నాను.

"నువ్వు నిలబడ్డ మెషీన్‌లో మామయ్యా. అది ఒంట్లోకి చిన్న కరెంటు పంపి, నీళ్లెంత ఉన్నాయో అంచనా కట్టి, దాన్నుంచి కొవ్వు లెక్క వేస్తుంది. కండ కణం లోపలి కొవ్వు దానికి కనపడదు. అది చూడాలంటే ఎమ్మారై స్పెక్ట్రోస్కోపీ చెయ్యాలి, లేదా సూదితో కండ ముక్క తియ్యాలి." మోడ్ మారిస్తే లెక్క కట్టే సూత్రమే మారిపోతుందట, మనిషి మారనక్కర్లేదు.

ఆ తర్వాత చెప్పింది విని నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నిజం అథ్లెట్ల కండల్లో కొవ్వు తక్కువేం ఉండదట! దూరాలు పరిగెత్తేవాళ్ల కండల్లో షుగర్ ఉన్నవాళ్లకి ఉన్నంత కొవ్వు ఉంటుంది, అయినా వాళ్లకి ఇన్సులిన్ భేషుగ్గా పనిచేస్తుంది. అమెరికాలో పిట్స్‌బర్గ్ పరిశోధకులు 2001లో చూపించారు, దానికి అథ్లెట్ పారడాక్స్, అంటే అథ్లెట్ వింత, అని పేరే ఉంది. వాళ్ల కండ కొవ్వుని చుక్కలుగా దాచుకుంటుంది, రోజూ తీసి వాడేస్తుంది, మళ్లీ నింపుకుంటుంది. చిక్కంతా కొవ్వు ఉండటంలో కాదు, కదలకుండా పడి ఉండటంలో. అంటే నేను నిజంగా అథ్లెట్‌నై ఉంటే నా కండ కొవ్వు పెరిగి ఉండాలి. అంత తెలివిగా ఏడ్చింది వాళ్ల మోసం!

కార్నిటిన్ సంగతి కూడా అడిగాను. కొవ్వుని మైటోకాండ్రియా, అంటే కణంలో దాన్ని కాల్చే పొయ్యిల, లోపలికి చేరవేసేది అదే, నిజమే. కానీ మన కండలో అది మామూలుగా సరిపడా ఉంటుంది, నోటితో తింటే కండలోకి అంత తేలిగ్గా చేరదు. ఇంగ్లండ్‌లో ఆరోగ్యవంతుల మీద చేసిన ఒక ప్రయోగంలో కార్నిటిన్‌తో పాటు 80 గ్రాముల పిండిపదార్థం, రోజుకి రెండుసార్లు, 24 వారాలు ఇస్తే కండలో అది 21 శాతం పెరిగింది. షుగర్ అంచు మీద ఉన్నవాడికి ఇది వైద్యమా?

"సరే, డబ్బా వెనక ఏం రాశారో చదువు" అంది. కళ్లజోడు పెట్టుకుని చదివాను. ముందు వైపు పెద్ద అక్షరాల్లో "చక్కెర కలపలేదు". వెనకవైపు జాబితాలో మొట్టమొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్, అంటే పిండి నుంచి తీసే పొడి. ఏది ఎక్కువ ఉంటే అది ముందు రాయాలి కదా. స్కూపు 30 గ్రాములైతే అందులో 24 గ్రాములు పిండిపదార్థం, కార్నిటిన్ అర గ్రాము. మాల్టోడెక్స్‌ట్రిన్ ఒంట్లో పడ్డాక గ్లూకోజు అయిపోవడానికి ఎంతోసేపు పట్టదట. రోజుకి 48 గ్రాములు, 42 రోజులు. రెండు కిలోల పైమాట. నా లెక్కల బుర్ర అప్పుడు పనిచేసింది, కొనేటప్పుడు పనిచెయ్యాల్సింది.

సోమవారం మామూలు ల్యాబ్‌కి పోయాను. ఫాస్టింగ్ 121, హెచ్‌బీఏ1సీ 6.3. ఫాస్టింగ్ ఇన్సులిన్ కూడా చేయించాను, 14. ఒళ్లు ఇన్సులిన్ మాట ఎంత వినట్లేదో చూపించే హోమా-ఐఆర్ అనే లెక్క ఉంది, 121ని 14తో గుణించి 405తో భాగిస్తే 4.18, అంకె పెరిగేకొద్దీ చెడ్డ. ఇన్సులిన్ బోలెడు ఉంది, మాట వినే కండే లేదన్నమాట. పాపం అంతా పొడిదే అనను, నడక మానేసిన పాపం నాది. కండ ముడుచుకున్నప్పుడు ఇన్సులిన్ కబురు లేకపోయినా ఆ గ్లూట్-4 పైకొస్తుందట, ఒకసారి బాగా నడిస్తే దాని మేలు ఒకటి రెండు రోజులు ఉంటుందట. ఊరికే వచ్చే మందుని ఆపేసి, డబ్బిచ్చి గ్లూకోజు తాగాను. ఇంతకన్నా తెలివైన కొనుగోలుదారు మీకు దొరకడు.

కొనబోయేవాళ్లకి: డబ్బా వెనక జాబితాలో మొదటి మూడు పేర్లు చదవండి. స్కాన్ కాగితాలు రెండూ దాచుకోండి, పైవరసలు పోల్చండి. షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే తప్పు, ఆ రీల్ కనపడితే డిలీట్ కాకముందే రికార్డు చేసి పెట్టుకోండి. డాక్టరు చెప్పింది మానమన్నవాడి దగ్గర్నుంచి లేచి వచ్చెయ్యండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను, ఫిర్యాదు నంబరు వచ్చింది, ఏమవుతుందో చూడాలి. రెండు కాగితాల ఫొటోలు, పేర్లు చెరిపి, కింద పెడుతున్నాను, మోడ్ వరసకి ఎర్ర గీత గీశాను. ఐదో డబ్బా ఫ్రిజ్ మీదే ఉంది, మా ఆవిడ వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది.