విజయనగరం వేసవిలో చిన్న కేసు పీసీ: మూడేళ్లు వాడాక

మా ఇల్లు విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో ఉంది. పీసీ ఉన్నది మేడ మీద గదిలో. పైన స్లాబు తప్ప నీడ లేదు, ఏసీ లేదు. మే నెలలో రాత్రి పదింటికి కూడా గదిలో 34, 35 డిగ్రీలుంటాయి. ఆ వేడిలో 18 లీటర్ల ఎన్‌ఆర్200 కేసులో (పీసీ భాగాలు బిగించే డబ్బా) ఆర్‌టీఎక్స్ 3060 టీఐ గ్రాఫిక్స్ కార్డు పెట్టి మూడు వేసవులు నడిపాను.

మొదటి వేసవిలో చాలా ఇబ్బంది పడ్డాను. బ్లెండర్ అనే 3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో రెండర్ (బొమ్మను పూర్తిగా తయారుచేయించడం) పెడితే కార్డు 83 డిగ్రీలకు చేరేది, ఫ్యాన్లు 2,600 ఆర్‌పీఎంతో హోరెత్తేవి. పక్క గదిలోంచి అమ్మ "ఏట్రా ఆ రొద, ఇంక ఆపు" అనేది.

పైసా ఖర్చు లేకుండా ఎక్కువ మేలు చేసింది అండర్‌వోల్టింగ్, అంటే కార్డు చిప్‌కి అందే వోల్టేజీ తగ్గించడం. కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రాంలో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజీ కర్వ్ (ఏ వోల్టేజీకి ఎంత వేగమో చూపే గీత) తెరుచుకుంటుంది. మొదట ఆశకొద్దీ 0.85 వోల్టులకు దించితే రెండో రోజే రెండర్ మధ్యలో క్రాష్ అయింది. 0.875 దగ్గర 1,800 మెగాహెర్ట్జ్ పెట్టాను, అప్పటినుంచి ఒక్కసారీ ఆగలేదు. 200 వాట్లు లాగే కార్డు 155కి దిగింది. పది నిమిషాల రెండర్‌కి పదిహేను సెకన్లు పెరిగాయంతే. పుట్టని వేడిని బయటికి తోయక్కర్లేదు కదా, ఎవరు అడిగినా ముందు ఇదే చేయమంటాను.

వారంటీ అయిపోయాక కార్డు ఫ్యాన్లనీ, వాటి ప్లాస్టిక్ తొడుగునీ విప్పేశాను. హీట్‌సింక్ (చిప్ వేడిని లాగే లోహపు రేకులు) కింద, కేసు అడుగున రెండు 120 ఎం.ఎం. ఫ్యాన్లు గాలి పైకి కొట్టేలా బిగించాను. కార్డు మీది చిన్న సాకెట్‌కి మామూలు పీడబ్ల్యూఎం ఫ్యాన్లు (వేగం మార్చగలిగేవి) తగిలించే కేబుల్ ఊళ్లో దొరకలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించాను. అది ఉంటేనే కార్డు తన వేడిని బట్టి తానే ఫ్యాన్ల వేగం మార్చుకుంటుంది.

ఇంతా చేస్తే మూడు డిగ్రీలే తగ్గింది! నిరాశేసింది. కేసు పక్క పలక తీసి, ఫ్యాన్ల పక్కన అగరుబత్తి పట్టుకుని చూశాను. పొగ హీట్‌సింక్‌లోకి వెళ్లకుండా ఫ్యాన్‌కీ రేకులకీ మధ్య సందులోంచి పక్కకి పోతోంది. తలుపు సందులకు అంటించే స్పాంజి టేపు కొని చుట్టూ మూసేశాను. ఆ రాత్రి గదిలో 34 ఉంటే కార్డు 68 దగ్గర నిలబడింది, ఫ్యాన్లు 1,200 దాటలేదు. పొద్దున్న అమ్మ "రాత్రి కంప్యూటర్ పెట్టలేదేటి?" అని అడిగింది. ఎంత సంతోషమేసిందో!

పోల్చేటప్పుడు గది వేడి కూడా రాసుకోండి. డిసెంబరులో తీసిన అంకె మేలో పనికిరాదు.

రెండో ఏడు చివర్లో హాట్‌స్పాట్‌కీ (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) మామూలు రీడింగ్‌కీ తేడా 13 డిగ్రీల నుంచి 24కి పెరిగింది. చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య రాసే థర్మల్ పేస్టు మార్చాక మళ్లీ 12కి వచ్చింది. మెమరీ చిప్‌ల మీద వేడి లాగే మెత్తటి ప్యాడ్లు చిరిగితే మాత్రం అదే మందంవి కొనాలి. మందం ఎక్కువైతే హీట్‌సింక్ చిప్‌కి సరిగా ఆనదు. ఇక కేసు అడుగున ఉన్న దుమ్ము ఫిల్టర్‌ని వేసవిలో పదిహేను రోజులకోసారి కడిగి, పూర్తిగా ఆరాకే పెడుతున్నాను.