కొత్తగా గిటార్ కొంటున్నారా? రిటర్న్ గడువు దాటకముందే ఒక్కసారి స్కేలు పెట్టి కొలవండి

సొంతంగా గిటార్ నేర్చుకుందామని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టబోయేవాళ్ళు దయచేసి ఇది చదవండి. నాకు డబ్బులు పోయాయన్న బాధ కంటే మూడు నెలలు నన్ను నేను తిట్టుకున్నానన్న బాధే ఎక్కువ.

2,799 రూపాయలకు కాంబో తీసుకున్నాను. గిటార్, సంచి, బెల్టు, కాపో (మెడకు బిగించే క్లిప్పు), తీగలు మీటే పిక్‌లు, ఇంకో సెట్టు తీగలు. కొత్తవాళ్ళకు ఇదే బెస్ట్ అని రాశారు, రేటింగ్ కూడా బాగానే ఉంది. వచ్చిన మూడో రోజే తీగ నొక్కడం చాలా కష్టంగా ఉందని అమ్మినవాళ్ళకు మెసేజ్ పెట్టాను. "కొత్తలో అలాగే ఉంటుంది సార్, వాయించగా వాయించగా సర్దుకుంటుంది" అన్నారు. నమ్మాను. ఏడు రోజుల గడువు దాటిపోయింది.

రోజూ భోజనాలయ్యాక గంటసేపు కూర్చునేవాణ్ణి. వేళ్ళ కొసలు కాయలు కాశాయి కానీ సి కార్డ్ (కొన్ని తీగలు నొక్కి పట్టి కలిపి పలికించే స్వరాలు) పడితే రెండు తీగలు మూగగానే ఉండేవి. యాప్‌లో చూసి శ్రుతి సరిగ్గా పెట్టుకున్నా, వాయిస్తుంటే మా ఆవిడ "ఏదో తేడాగా ఉందండీ" అనేది. నాకే సంగీతం రాదేమో అనుకుని చాలా బాధపడ్డాను.

ఆఫీసులో నాతో పనిచేసే కుర్రాడొకడు మొన్న మా ఇంటికొచ్చి తన గిటార్ నా చేతికిచ్చాడు. అవే వేళ్ళు, అదే సి కార్డ్. ఐదు తీగలూ గలగలా పలికాయి!

అతనే మా అబ్బాయి స్కూలు స్కేలు తీసుకుని పన్నెండో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతల్లో పన్నెండోది) నుంచి లావు తీగ ఎంత ఎత్తులో ఉందో కొలిచాడు. తనదానికి రెండున్నర మిల్లీమీటర్లు, నాదానికి ఐదు. అంత ఎత్తు నుంచి నొక్కితే తీగ సాగి స్వరం పైకి పోతుందట. వట్టి తీగ మీటితే యాప్ సరే అంటుంది, నొక్కి పట్టగానే అపస్వరం. మా ఆవిడ చెవి కరెక్టే.

తర్వాత గిటార్ తల దగ్గరున్న చిన్న ప్లాస్టిక్ మూత రెండు స్క్రూలు తీసి చూపించాడు. దాని కింద మెడను సరిచేసే ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ కొస కనిపించాలి. నాదాంట్లో వట్టి చెక్క. మూత ఉత్త అలంకారం! ఆరు స్టీలు తీగలు కలిసి సుమారు 70 కిలోల బరువుతో మెడను లాగుతాయి. లోపల ఆ ఇనుప కడ్డీ లేక మెడ విల్లులా వంగిపోయింది. బాగుచేసే ఆయనకు చూపిస్తే దీని మీద ఖర్చు పెట్టడం దండగ అన్నాడు.

కొనేముందు ట్రస్ రాడ్ ఉందా అని రాతపూర్వకంగా అడగండి. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. అదే రోజు స్కేలు పెట్టి చూడండి, మూడు మిల్లీమీటర్లు దాటితే అనుమానించండి. శ్రుతి చేశాక పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే యాప్‌లో అదే స్వరం చూపించాలి, ముల్లు బాగా పక్కకు పోకూడదు. వాయించడం తెలిసినవాళ్ళు ఉంటే వెంటబెట్టుకుని షాపుకే వెళ్ళడం ఇంకా మంచిది.

ఇవి చూశాక తేడా అనిపిస్తే వెంటనే రిటర్న్ పెట్టేయండి. "వాయించగా సర్దుకుంటుంది" అంటే మాత్రం ఆగకండి. వంగిన మెడ వాయిస్తే సర్దుకోదు, తీగల లాగుడుకి ఇంకా వంగుతుంది.