డైనమోనా, ఛార్జింగ్ లైటా: చెరువు గట్టు మీద రెండేళ్ల వాడకం

మా రొయ్యల చెరువులు ఊరికి నాలుగు కిలోమీటర్లు, భీమవరం దగ్గర. రాత్రి మూడింటికి సైకిల్ తీస్తాను. తెల్లారే ముందు నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైములో గట్టు తిరిగి చూసుకోకపోతే పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. సైకిల్‌కి ఏ లైటు కొనాలని అడిగేవాళ్లకు నా అనుభవం చెబుతాను.

నాన్నగారి నల్ల సైకిల్‌కి ముందు నుంచీ డైనమోనే, అంటే రోలర్ టైరుకి ఆని తిరుగుతుంటే కరెంటు పుట్టించేది. పాతది అరిగిపోతే 380 రూపాయలు పెట్టి కొత్తది వేయించాను. 6 వోల్టులు, 3 వాట్లు. బిగించిన కుర్రాడు హడావుడిగా పని కానిచ్చాడు, రెండో రోజుకే లైటు మిణుకుమిణుకుమంది. వేరే షాపులో పెద్ద మేస్త్రి చూసి, "ఎర్త్ అందట్లేదండీ" అన్నారు. డైనమో నుంచి లైటుకి వెళ్లేది ఒకటే వైరు, కరెంటు తిరిగొచ్చే దారి సైకిల్ ఫ్రేమే. క్లాంపులో మొనదేలిన చిన్న స్క్రూ ఉంటుంది. అది రంగును చీల్చుకుని లోపలి ఇనుముకు తగలాలి. ఆయన దాన్ని బిగించి, డైనమోని కాస్త తిప్పి, "ఇది తిన్నగా చక్రం ఇరుసు వైపు చూడాలండీ, లేకపోతే టైరు తినేస్తుంది" అన్నారు. ఫిలమెంట్ బల్బు తీసి ఎల్‌ఈడీ కూడా వేశారు. అప్పట్నుంచి రోడ్డు మీద దానికి వంక పెట్టలేదు. తొక్కుతున్నంతసేపూ వెలుగు, ఛార్జింగ్ గొడవ లేదు. కాలికి కొంచెం బరువు తెలుస్తుంది, గుర్రుమని చప్పుడు వస్తుంది, అంతే.

ఇబ్బందంతా గట్టు ఎక్కాకే. అక్కడ గుంతలు, బురద, నడిచేంత స్పీడు. డైనమో వెలుగు పడిపోతుంది, ఆగితే చీకటే. వాన పడితే తడి టైరు మీద రోలర్ జారిపోతుంది. ఒకసారి ఆగి కాలు కింద పెట్టబోయే చోట రక్తపింజర కదిలింది. ఆ వారమే 950 పెట్టి ఛార్జింగ్ లైటు కొన్నాను.

దాంట్లో నాకు బాగా నచ్చింది ఒకటే. మీట నొక్కితే చేతిలోకి వచ్చేస్తుంది. గట్టు అంచున కూర్చుని నీటి మీదకు వేస్తే రొయ్యల కళ్లు నిప్పురవ్వల్లా ఎర్రగా మెరుస్తాయి. ఒకటీ అరా అయితే పర్వాలేదు. అంచు పొడవునా గుంపుగా మెరుస్తుంటే గాలి అందక పైకి వచ్చాయన్నమాట, పరుగెత్తి నీళ్లలో గాలి కలిపే మిగతా ఏరియేటర్లు కూడా వేసేయాలి. ఈ పని డైనమోతో జరగదు. కొంచెం మేత వేసి నీళ్లలో దించి ఉంచే చెక్ ట్రే పైకి లాగి మేత మిగిలిందా లేదా చూసుకోవడానికీ ఇదే.

లోపాలు లేకపోలేదు. పెట్టె మీద ఫుల్ వెలుగులో ఐదు గంటలని రాశారు. నాకు కొత్తలోనే రెండుంబావు గంటలు వచ్చింది, ఏడాదిన్నరకి గంటన్నరకు దిగింది. ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత చిరిగి, మా ఉప్పుగాలికి లోపల చిలుము పట్టింది. వెలుగు గుండ్రంగా పడుతుంది కాబట్టి ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడుతుంది. నాలుగైదు మీటర్ల దూరంలో నేల మీద పడేలా వంచి పెట్టుకోండి. ఇంకోటి, డైనమో మసకబారుతూ ముందే చెబుతుంది, ఇది ఉన్నట్టుండి ఆరిపోతుంది. ఛార్జింగ్ మర్చిపోయిన రాత్రి సగం దారిలో అదే జరిగింది. పక్కన కాలవ, ముందు ఏమీ కనపడదు. డైనమో రోలర్ టైరుకి ఆనించి ఇంటికి చేరాను. తుపానుకి రెండు రోజులు కరెంటు లేనప్పుడూ ఆదుకుంది అదే.

అందుకని రెండూ ఉంచుకున్నాను. ఒకటే కొంటామంటే, రోడ్డు మీదే తిరిగేవాళ్లు, కాలేజీ పిల్లలు డైనమో కొనుక్కోండి. చేను, చెరువు ఉన్నవాళ్లు ఛార్జింగ్ లైటే తీసుకోండి, కానీ మరలు విప్పి సెల్ మార్చుకునే వీలున్నదే చూసుకోండి. దేనితో వెళ్లినా వెనక మడ్‌గార్డుకి ఎర్ర రిఫ్లెక్టర్ ఉండాలి. మా రోడ్డులో చేపల లారీలు ఆ వేళే తిరుగుతాయి.

నా లైటులో ఉన్నది 18650 రకం లిథియం సెల్. పోయిన నెల మంచిది వేయించాను, మూతకి సైకిల్ ట్యూబు ముక్క కత్తిరించి తొడిగాను. ఇప్పుడు మళ్లీ రెండు గంటల పైనే వెలుగుతోంది.