34 శాతం దగ్గర ఆరిపోయే ఫోన్: నాలుగేళ్లు వాడాక నా మాట

ముందే చెప్తున్నా, ఈ ఫోన్ బ్యాటరీ తొందరగా అయిపోతుందని నాకు కోపం లేదు. నాలుగేళ్లు వాడిన బ్యాటరీ కొత్తదానిలా ఉండాలని ఎవరూ అనుకోరు. నా కోపమంతా తెర పైన కుడి మూలన కనిపించే ఆ అంకె మీద. నేను జమ్మికుంటలో ఒక జిన్నింగ్ మిల్లులో (పత్తి నుంచి గింజలు వేరుచేసి బేళ్లు కట్టే చోటు) లెక్కలు రాస్తాను. స్టాకు తగ్గితే తగ్గిందని చెప్పే గుమాస్తాతో ఏ ఇబ్బందీ లేదు. గోడౌన్‌లో పది బేళ్లుంటే పుస్తకంలో నలభై చూపించేవాడితోనే తంటా. ఈ ఫోన్ ఆ రెండో రకం.

స్క్రీన్, కెమెరా, ప్రాసెసర్ గురించి రాయను. 2021 దసరాకు కొన్న ఫోన్ ఇది, ఆ మోడల్ గురించి చెప్పాల్సినవన్నీ అప్పుడే అందరూ చెప్పేశారు. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ, అది చూసే కొన్నా. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఎందుకో చివరికి వచ్చేసరికి తెలుస్తుంది.

కొన్న కొత్తలో దీన్ని నేను తెగ మెచ్చుకున్నా. "రెండు రోజులు వస్తది, కండ్లు మూసుకొని తీసుకో" అని బావమరిదితో కొనిపించా, తెలిసినవాళ్లు ఇంకో ఇద్దరితో కొనిపించా. ఆ మాట అబద్ధం కాదు. కాకపోతే అప్పుడు నేను కాజీపేటలో ఇంటి దగ్గర్లోనే ఒక ఎరువుల షాపులో పని చేసేవాణ్ణి. పొద్దంతా ఒకే చోటు, నిండా సిగ్నల్, ఇంటికొస్తే వైఫై. జేబులో కూర్చోవడం తప్ప ఫోన్‌కు పనేముంది, రెండు రోజులు రాక ఏం చేస్తుంది!

2023లో మిల్లుకు మారాక కథ మారింది. రోజూ రైలు. మిల్లులో రేకుల షెడ్డు, లోపల సిగ్నల్ అంతంత మాత్రం. కాంటా చీటీలకు ఫోటోలు తీయాలి, రైతుల ఖాతాల వివరాలు పంపాలి, ఓటీపీలు చెప్పాలి. రెండు రోజులు వచ్చేది ఒక్క రోజుకు దిగింది, ఆ తర్వాత సాయంత్రానికి దిగింది. ఇందులో ఫోన్ తప్పు సగమే అనుకుంటా. హసన్‌పర్తి రోడ్ స్టేషన్ దాటాక ఉప్పల్ దాకా (మన ఉప్పలే, హైదరాబాద్‌ది కాదు) నా ఫోన్‌కు సిగ్నల్ ఒక గీత వస్తుంది, పోతుంది. సిగ్నల్ సరిగా అందని చోట టవర్‌ను పట్టుకోవడానికి ఫోన్ ఎక్కువ పవర్ ఖర్చు పెడుతుంది. నావి రెండు సిమ్‌లు, రెండూ వెతుకుతూనే ఉంటాయి. నెట్‌వర్క్ సెట్టింగ్‌లో 5జీ తీసేసి 4జీకే పెట్టాక సాయంత్రానికి పది, పన్నెండు శాతం అదనంగా మిగిలింది. మీరూ చేసి చూడండి, రూపాయి ఖర్చు లేదు.

అంకె తేడాగా ఉందని మొదట పట్టుకున్నది 2024 వానాకాలంలో. లెక్కలు రాసే చేయి ఊరుకోదు కదా, రైల్లో కూర్చొని చిన్న నోట్‌బుక్‌లో రాసిపెట్టా. ఒక రోజు పేజీ ఇలా ఉంది: 6.50కి 71. 7.15కి 71. 7.40కి 71. 7.45కి 58. దాదాపు గంటసేపు వీడియోలు చూస్తే ఒక్క శాతం తగ్గలేదు, ఆఖరి ఐదు నిమిషాల్లో పదమూడు పోయాయి. నవ్వొచ్చింది. మా ఆవిడకు చూపిస్తే "ఫోన్‌కు కూడా పద్దు పుస్తకమా" అని ఆమె నవ్వింది. అప్పటికి అది వింతగానే ఉంది, నష్టంగా లేదు.

నష్టం డిసెంబర్‌లో తెలిసింది.

పత్తి సీజన్ మంచి ఊపులో ఉంది. ముందు రోజు రాత్రి కరెంటు పోయి చార్జింగ్ సరిగా ఎక్కలేదు, 52తో బయల్దేరా. బోగీలో చోటు లేక తలుపు దగ్గర నిలబడ్డా. చల్లగాలికి వేళ్లు కొంకర్లు పోతున్నా వాట్సాప్ చూస్తూనే ఉన్నా, అది వేరే రోగం. జమ్మికుంటలో దిగేటప్పుడు చూసుకున్నా: 34.

నా నెల పాసు అప్పట్లో ఫోన్‌లోనే ఉండేది. రైల్వే యాప్‌లో తీసుకున్నది, కాగితం లేదు. ఆ రోజు గేటు దగ్గర చెకింగ్ పెట్టారు. నాకేం భయం, పాసు ఉంది, 34 ఉంది. వరుసలో నిలబడి, మొహం మీద ఎండ పడుతుంటే తెర కనపడక బ్రైట్‌నెస్ మొత్తం పెంచి, యాప్ నొక్కా. యాప్ బొమ్మ వచ్చింది. ఆ వెంటనే తెర నల్లగా అయింది.

మామూలుగా ఆగేటప్పుడు ఫోన్ ఒకసారి వణుకుతుంది, కంపెనీ పేరు చూపిస్తుంది. ఇక్కడ అవేమీ లేవు. దీపం ఊదినట్టు ఆరిపోయింది. బటన్ నొక్కితే ఖాళీ బ్యాటరీ బొమ్మ ఒక్క క్షణం కనిపించి మాయమైంది.

"పాసు ఉంది సార్. ఫోన్ ఇప్పుడే ఆగిపోయింది. చార్జింగ్ 34 ఉండె" అన్నా.

టీటీఈ ఫోన్ వంక చూశాడు, నా వంక చూశాడు. "34 ఉంటే ఎందుకు ఆగుతుందండీ?"

న్యాయమైన ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు. ఫోన్‌లో చూపించలేకపోతే పాసు లేనట్టే లెక్క, టికెట్ డబ్బుల మీద కనీసం 250 రూపాయలు జరిమానా. ఆ రూలు నాకూ తెలుసు. ఆయన గట్టిగా కూడా మాట్లాడలేదు, "పక్కన నిలబడండి, ఆన్ అయితే చూపించండి" అన్నాడు అంతే. ఆ పాసు నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. కానీ తెరుచుకోవడానికి ముందు ఫోన్ అంటూ ఒకటి వెలగాలి.

పక్కన నాతోపాటు నిజంగానే టికెట్ తీసుకోని ఇద్దరు పిల్లగాళ్లు, ఒక ముసలమ్మ. ముసలమ్మ టికెట్ తీసుకుంది, ఎక్కడ పెట్టిందో మర్చిపోయి కొంగు ముడులు ఒక్కొక్కటే విప్పుతోంది. మొదటి ముడిలో చిల్లర, రెండో ముడిలో టికెట్. చూపించి వెళ్తూ "నీది దొరకలేదా బిడ్డా?" అని అడిగింది. ఏం చెప్తాం!

టీ స్టాల్ అతన్ని బతిమాలితే చార్జర్ ఇచ్చాడు. పెట్టిన పది సెకన్లకు తెర మీద అంకె పడింది: 31. సున్నా కాదు, ఒకటి కాదు, ముప్పై ఒకటి! ఫోన్ ఆన్ చేసి, లాక్ తీసి, వైరు పీకి గేటు దగ్గరికి ఉరికా. సగం దారిలో మళ్లీ ఆరిపోయింది. రెండోసారి నా అవస్థ చూసి టీటీఈయే స్టాల్ దగ్గరికి వచ్చాడు. వైరుకు వేలాడుతున్న ఫోన్ ముందు వంగి పాసు మీద తేదీ చూసి, "వెళ్లండి. ఈసారి కౌంటర్‌లో కాగితం తీసుకోండి" అన్నాడు. మిల్లుకు చేరేసరికి కాంటా దగ్గర ట్రాలీలు రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి, సేఠ్ చేసిన ఫోన్లు ఏడు. చార్జింగ్ అయిపోయిందని చెప్పా. 34 ఉండగా ఆగిపోయిందని చెప్తే ఆయన మాత్రం నమ్ముతాడా?

ఆదివారం హన్మకొండలో సర్వీస్ సెంటర్‌కు పోయా. ఏసీ గది, ఫోన్‌లో 80 శాతం చార్జింగ్. ఏదో టెస్ట్ పెట్టి "బ్యాటరీ పాస్ అయింది సార్, ఒకసారి రీసెట్ చేసుకోండి" అన్నారు. చేశా. యాప్‌లన్నీ మళ్లీ వేసుకోవడానికి రెండు రోజులు పట్టింది, రోగం మాత్రం ఎక్కడిదక్కడే. ఒక బ్యాటరీ యాప్ వేసుకుంటే అందులో "హెల్త్: గుడ్" అని వచ్చింది. ఆ గుడ్ అంటే బ్యాటరీ వేడెక్కి ప్రమాదంలో లేదు, పూర్తిగా చెడిపోలేదు అని మాత్రమే. కెపాసిటీ ఎంత మిగిలిందో అది చెప్పదు. ఆ సంగతి తెలియక కొన్నాళ్లు ఆ మాటకే మురిసిపోయా.

చివరికి రోగం పట్టుకున్నది కాజీపేటలో మా వీధి చివర చిన్న రిపేరు షాపు కుర్రాడు. 40 దగ్గర టార్చి వేశాడు, బ్రైట్‌నెస్ నిండా పెంచాడు, వీడియో రికార్డింగ్ పెట్టాడు. నిమిషంన్నర కాలేదు, 37 అని చూపిస్తూనే ఆరిపోయింది.

"అన్నా, మీకు ఊళ్లె బోరుందా?" అన్నాడు.

"ఉంది."

"ఎండకాలం ఏమైతది? మోటర్ వేయంగనే రెండు నిమిషాలు పోస్తది, ఆగిపోతది. నీళ్లు లేక కాదు, మోటర్ గుంజినంత అందుతలేవు. కాసేపు బంద్ పెడితే మళ్ల ఊరుతయ్. ఇదీ గంతే."

ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు నాకు. తర్వాత చదివి తెలుసుకున్నదీ అదే. బ్యాటరీ పాతబడేకొద్దీ లోపలి రెసిస్టెన్స్, అంటే కరెంటుకు అడ్డు, పెరుగుతుంది. కెమెరా, ఫ్లాష్, నిండు బ్రైట్‌నెస్ లాంటివి ఒక్కసారిగా కరెంటు లాగితే వోల్టేజి కూలబడుతుంది, ఒక హద్దు కిందికి పోతే ఫోన్ తనంతట తానే ఆగిపోతుంది. చలికి ఆ రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది, అందుకే ఆగస్టులో నవ్వించిన ఫోన్ డిసెంబర్ పొద్దున పరువు తీసింది. లాగడం ఆపితే వోల్టేజి మళ్లీ లేస్తుంది, టీ స్టాల్ దగ్గర కనిపించిన 31 అదే. 2017లో యాపిల్ కూడా, పాత బ్యాటరీలున్న ఐఫోన్లు ఇలా ఉన్నట్టుండి ఆగిపోకుండా వాటి స్పీడు తగ్గించామని ఒప్పుకుంది. అప్పుడు మిగతావాళ్లతో కలిసి నేనూ వెక్కిరించా.

మరి 71 దగ్గర గంటసేపు ఎందుకు నిలబడింది? అది నా పనికి దగ్గరి విషయం, ఇంకా బాగా అర్థమైంది. లిథియం బ్యాటరీ సగం నిండి ఉన్నప్పుడు వోల్టేజి పెద్దగా కదలదు, దాన్ని చూసి ఎంత మిగిలిందో చెప్పడం కష్టం. అందుకని లోపల ఒక చిప్పు ఎంత కరెంటు వచ్చింది, ఎంత పోయింది అని జమాఖర్చు రాస్తూ ఉంటుంది. మనకు కనిపించేది పుస్తకం నిల్వ. నిండా నిండినప్పుడో, పూర్తిగా ఖాళీ అయినప్పుడో అసలు నిల్వతో సరిచూసుకుంటుంది. నేను ఆ రోజుల్లో మిల్లులో కాసేపు, ఇంట్లో కాసేపు ముక్కలు ముక్కలుగా చార్జింగ్ పెట్టా. పూర్తిగా నింపిందీ లేదు, ఖాళీ చేసిందీ లేదు. నెలల తరబడి గోడౌన్ తలుపు తీసి బేళ్లు లెక్కపెట్టనట్టే. పైగా గోడౌనే చిన్నదైపోయింది, పుస్తకంలో మాత్రం పాత కొలతే. తేడా బయటపడ్డాక సర్దుబాటు పద్దు వేసినట్టు ఒకేసారి 58కి దింపింది.

2025 జనవరిలో బ్యాటరీ మార్పించా, 1400 అయింది. కంపెనీది దొరకలేదు, వేరేది వేశాడు. మొదటి వారం ఇంకో విచిత్రం: రెండు గంటలు 100 దగ్గరే కూర్చొని, తర్వాత జారుడుబండ మీద పిల్లాడిలా దిగేది. "ఒక్కసారి పూర్తిగ దింపి, నడుమ తీయకుండ నిండ ఎక్కియ్యన్నా. రోజూ చేయకు, బ్యాటరీకి మంచిది కాదు" అన్నాడు కుర్రాడు. రెండుసార్లు అలా చేశాక లెక్క దారికొచ్చింది. పది నెలలైంది, నడుస్తూ నడుస్తూ ఆరిపోవడం ఒక్కసారి కూడా జరగలేదు. అయితే పూర్తిగా బాగైందని అనను. 18 నుంచి 11కి ఇప్పటికీ దూకుతుంది. నా వరకు 20 అంటే సున్నా.

ఇక కంపెనీ పేరు ఎందుకు రాయలేదంటే, మా బావమరిది ఫోన్ ఇదే మోడల్, అదే దసరాకు కొన్నది, అసలు బ్యాటరీతోనే ఉంది. మొన్న బతుకమ్మకు వచ్చినప్పుడు చూశా, పన్నెండు శాతం మీద కూడా నిక్షేపంగా ఫోటోలు తీస్తున్నాడు. "బావా, నువ్వు దాన్ని ఏం చేసినవ్?" అని నన్నే నిలదీశాడు. వాడిది హైదరాబాద్‌లో ఏసీ ఆఫీసు. నాది మే నెలలో రేకుల షెడ్డు. బయటికి పోతే బండి హ్యాండిల్‌కు తగిలించి ఎండలో మ్యాప్ చూసేది నేనే, మిల్లు లేని నెలల్లో రాత్రంతా దిండు కింద పెట్టి చార్జింగ్ వదిలేసిందీ నేనే. వేడిలో, నిండు చార్జింగ్‌తో ఎక్కువసేపు ఉంటే ఈ బ్యాటరీలు తొందరగా ముసలివవుతాయి. కాబట్టి ఫోన్ చెడ్డదని ఒట్టేసి చెప్పలేను. ఏసీలో కూర్చునేవాళ్లకు నేను మొదట చెప్పిన మాటే చెప్తానేమో. రైళ్లలో, షెడ్లలో తిరిగేవాళ్లకు మాత్రం కొంచెం ఆలోచించమంటా.

ఈ మోడల్ ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరుకుతోంది. కొనేటట్టయితే 40 శాతం దగ్గర టార్చి, వీడియో, నిండు బ్రైట్‌నెస్ పెట్టి షాపులోనే రెండు నిమిషాలు చూడండి. షాపువాడు వద్దంటే వదిలేయండి.

నెల పాసు ఇప్పుడు కౌంటర్‌లో కాగితం మీదే తీసుకుంటున్నా. దాన్ని దాచుకునేది మాత్రం ఫోన్ వెనక కవర్ లోపలే.