పాత ష్విన్ లె టూర్‌తో కట్టుకున్న ఫిక్స్‌డ్ గేర్ సైకిల్: ఏళ్ల తరబడి తొక్కాక నా అభిప్రాయం

షికాగో రోడ్ల మీద తిరగడానికి ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ కావాలని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. పందేల ట్రాక్ కోసం చేసే కొత్త ట్రాక్ ఫ్రేమ్ కొనకండి. 1970ల చివర్లోనో, 80ల మొదట్లోనో తయారైన స్టీల్ రోడ్ ఫ్రేమ్ ఒకటి వెతికి పట్టుకోండి. అక్కడ మిగిలిన డబ్బు వెనక చక్రం మీద పెట్టండి. అలా సొంతంగా కట్టుకున్న సైకిల్‌ని ఎండాకాలం, మంచుకాలం తేడా లేకుండా ఏళ్ల తరబడి తొక్కాను. ఆ అనుభవంతోనే ఈ మాట అంటున్నాను.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఫిక్స్‌డ్ గేర్‌లో ఫ్రీవీల్ ఉండదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి. వాలులో కాళ్లు ఆపి సైకిల్‌ని దాని మానాన వదిలేయడం కుదరదు. పెడళ్లని వెనక్కి అదిమి పడితే వేగం తగ్గుతుంది. వెలోడ్రోమ్ (సైకిల్ పందేల గుండ్రటి ట్రాక్) సైకిళ్లూ, 1948 నుంచి జపాన్‌లో నడుస్తున్న కైరిన్ పందేల సైకిళ్లూ ఇలాంటివే. వాటి ఫ్రేములు నున్నటి ట్రాక్ కోసం తయారైనవి. బ్రేకు బిగించడానికి రంధ్రం ఉండదు, మడ్‌గార్డుకి చోటుండదు, కాస్త లావు టైరు పట్టదు. గుంతలు, వాన, మంచు, ఉప్పు ఉన్న ఊళ్లో ఇవన్నీ కావాలి. పాత రోడ్ ఫ్రేమ్‌లో ఇవన్నీ ఉంటాయి.

నాది ష్విన్ లె టూర్. ష్విన్ 1895లో షికాగోలోనే పుట్టిన కంపెనీ, 1992లో దివాలా తీసింది. లె టూర్ తొలి తరం ఫ్రేములు మాత్రం జపాన్‌లో పానాసోనిక్ తయారుచేసి ఇచ్చింది. నా సైకిల్ ముందు బ్యాడ్జీ మీద చిన్నగా 2168 అని కొట్టి ఉంటుంది. మొదటి మూడంకెలు ఏడాదిలో ఎన్నో రోజో చెబుతాయి, చివరిది సంవత్సరంలో ఆఖరి అంకె. అంటే 1978లో 216వ రోజు, ఆగస్టు 4. సెకండ్ హ్యాండ్‌లో ష్విన్ చూడ్డానికి వెళ్తే ముందు ఆ బ్యాడ్జీ చూడండి, అమ్మేవాళ్లకే తెలియని వివరం దొరకొచ్చు. అదే కంపెనీ వార్సిటీ మోడల్ ఇంకా చవగ్గా, ఇంకా ఎక్కువగా దొరుకుతుంది గానీ ఈ పనికి పనికిరాదు. మరీ బరువు, క్రాంకు, అంటే పెడళ్లు తగిలించే చేతులు, ఒకే ముక్కగా వంచిన ఇనుము. ఫ్రాన్స్ కంపెనీ ప్యూజో పాత సైకిళ్లు చూడముచ్చటగా ఉంటాయి. కానీ వాటిలో చాలావాటికి బాటమ్ బ్రాకెట్ (క్రాంకు ఇరుసు కూర్చునే చోటు) మరలు ఫ్రెంచి కొలతవి, స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టి ఉంచే కాడ) 22.2 బదులు 22 మిల్లీమీటర్లు. సామాను కోసం ఊరంతా తిరగాలి. మొదటిసారి కడుతుంటే జపాన్ ఫ్రేమే మేలు.

ఫ్రేమ్‌లో అన్నిటికన్నా ముందు చూడాల్సింది వెనక ఇరుసు కూర్చునే గాడి. అది అడ్డంగా, చక్రాన్ని కాస్త ముందుకీ వెనక్కీ జరపగలిగేంత పొడుగ్గా ఉండాలి. గేర్ల సైకిల్లో గేర్లు మార్చే డీరేలర్ చైన్‌ని లాగి పడుతుంది. ఫిక్స్‌డ్‌లో ఆ పని ఎవరూ చేయరు. చక్రాన్ని వెనక్కి జరిపే చైన్ బిగువు కుదర్చాలి. 80ల తర్వాతి రోడ్ ఫ్రేముల్లో చాలావాటికి గాడి నిలువుగా ఉంటుంది, వాటితో ఈ పని జరగదు. వైట్ ఇండస్ట్రీస్ అనే కంపెనీ ఈనో హబ్ (హబ్ అంటే చక్రం మధ్య భాగం) లాంటివి ఉన్నాయి, ఇరుసుని పక్కకి తిప్పి బిగువు తెచ్చుకోవచ్చు. కానీ ఆ హబ్ ధరకి నాలాంటి ఫ్రేములు రెండు మూడొస్తాయి.

రెండోది, వెనక ఫోర్కు లోపలి వెడల్పు. వెనక 5 గేర్ల కాలం ఫ్రేమ్ అయితే 120 మిల్లీమీటర్లు, ఫిక్స్‌డ్ గేర్‌కి వేసే ట్రాక్ హబ్ కూడా సరిగ్గా అంతే. చక్రం తెచ్చి పెట్టగానే కూర్చుంది. 6, 7 గేర్ల ఫ్రేములు 126 ఉంటాయి, ఇరుసుకి చెరో పక్క 3 మిల్లీమీటర్ల వాషర్లు వేస్తే సరిపోతుంది.

ఇక వెనక చక్రం. ఈ సైకిల్లో ప్రాణం మీదకి తెచ్చేదీ, ప్రాణం కాపాడేదీ ఇదే. అసలైన ట్రాక్ హబ్‌కి రెండు మరలుంటాయి. లోపలి పెద్ద మర మీద పళ్ల చక్రం, అంటే కాగ్, మామూలుగా కుడివైపుకి తిప్పితే బిగుస్తుంది. దాని బయట ఇంకాస్త చిన్న మర మీద లాక్‌రింగ్, అది ఎడమవైపుకి తిప్పితే బిగుస్తుంది. ఇలా తలకిందులుగా ఉండటానికి కారణం ఉంది. పెడళ్లని వెనక్కి అదిమినప్పుడు కాగ్ విప్పుకోవడానికి ఎడమవైపుకి తిరగాలని చూస్తుంది. అలా తిరుగుతూ లాక్‌రింగ్‌ని కూడా తనతో ఎడమకే లాగుతుంది. ఆ లాగుడుకి లాక్‌రింగ్ ఇంకా బిగుస్తుంది. కాబట్టి కాళ్లతో ఎంత గట్టిగా ఆపినా కాగ్ ఊడదు. పాత సైకిల్‌తో వచ్చిన ఫ్రీవీల్ హబ్ మీదే కాగ్ బిగించి, పైన ఇంకో రింగు వేసి, జిగురు పూసి తొక్కేవాళ్లని చూశాను. ఆ రింగుకి ఎడమ మర ఉండదు. ఏ రోజైనా సరే, సరిగ్గా ఆపాల్సిన క్షణంలోనే అది విప్పుకుంటుంది. అలా మాత్రం చేయొద్దు.

నా మొదటి వెనక చక్రం ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చిన సెట్‌లోది. హబ్ మీది అల్యూమినియం మరలు మెత్తగా ఉన్నాయి. ఒక చలికాలం చివర్లో కాగ్ విప్పితే మరలు వెండి దారాల్లా ఊడి చేతికొచ్చాయి. తర్వాత ఫ్రేమ్‌కి పెట్టినదానికి రెట్టింపు పెట్టి మంచి ట్రాక్ హబ్‌తో చక్రం కట్టించాను. ఇప్పటికీ బెండు తీయించాల్సిన అవసరం పెద్దగా రాలేదు, మరలు మొదటి రోజులాగే ఉన్నాయి. హబ్ రెండు వైపులా మరలుండే రకం తీసుకుంటే ఒక పక్క కాగ్, ఇంకో పక్క ఫ్రీవీల్ వేసుకోవచ్చు. మోకాలు నొప్పిగా ఉన్న వారం నేను చక్రం తిప్పి ఫ్రీవీల్ వైపు పెట్టుకుంటాను.

పాత చక్రాలు 27 అంగుళాలవి, నేను వేసినవి 700సీ. పేరు చూసి పెద్ద తేడా అనుకుంటారు గానీ రిమ్ము వ్యాసంలో తేడా 8 మిల్లీమీటర్లే. అంటే బ్రేకు రబ్బర్లు 4 మిల్లీమీటర్లు కిందికి దిగాలి. నా పాత ముందు బ్రేకులో ఆ మాత్రం గాడి ఉంది, రబ్బర్లు దించితే సరిపోయింది. లేకపోతే పొడుగు చేతుల బ్రేకు వేసుకోవాలి, టెక్‌ట్రో కంపెనీలో 47 నుంచి 57 మిల్లీమీటర్ల చేతులున్న రకం దొరుకుతుంది. చక్రం చిన్నదవడం వల్ల ఇంకో లాభం, 32 మిల్లీమీటర్ల టైరూ పైన మడ్‌గార్డూ రెండూ పట్టాయి. ముందు బ్రేకు మాత్రం ఎవరు ఏమన్నా తీయకండి. కాళ్లతో ఆపేది వెనక చక్రాన్ని. గట్టిగా ఆపినప్పుడు బరువంతా ముందుకి పడుతుంది, వెనక చక్రానికి పట్టు ఉండదు. చైన్ తెగినా, జారినా ఆ ముందు బ్రేకే దిక్కు.

చైన్ లైన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ముందు పళ్ల చక్రం, అంటే చైన్‌రింగ్, వెనక కాగ్ ఒకే గీతలో ఉండాలి. ట్రాక్ హబ్‌కి ఆ గీత ఫ్రేమ్ మధ్య నుంచి 42 మిల్లీమీటర్లు. రోడ్ క్రాంకులో లోపలి స్థానంలో చైన్‌రింగ్ బిగిస్తే దాదాపు అక్కడికే వస్తుంది, పొట్టి బోల్టులు కావాలి. చైన్ 1/8 అంగుళం వెడల్పుది వేశాను, మన ఊళ్లలో మామూలు సైకిళ్లకి వేసేదీ ఇదే కొలత.

బిగువు కుదర్చడం మాత్రం ఓపికతో చేయాల్సిన పని. చైన్‌రింగ్ ఏదీ నూటికి నూరుపాళ్లు గుండ్రంగా కూర్చోదు. అందుకే క్రాంకు తిప్పుతుంటే చైన్ ఒకచోట బిగుసుకుని, ఇంకోచోట వదులవుతుంది. నేను చైన్‌రింగ్ బోల్టులు కొంచెం వదులు చేసి, క్రాంకు మెల్లగా తిప్పుతాను. బాగా బిగిసిన చోట ఆపి, చైన్ మీద పానాతో చిన్నగా తడతాను. రింగు వెంట్రుకవాసి జరుగుతుంది. మళ్లీ తిప్పి, మళ్లీ తట్టి, బిగువు అన్నిచోట్లా ఒకేలా వచ్చాక బోల్టులు బిగిస్తాను. ఈ పద్ధతి షెల్డన్ బ్రౌన్ నేర్పినది. మసాచుసెట్స్‌లో సైకిల్ షాపులో పనిచేస్తూ, 2008లో చనిపోయేవరకు ఇలాంటి విషయాలు అందరికీ విడమరిచి రాసిపెట్టిన మనిషి. ఆయనకి నేను ఎంతో రుణపడి ఉన్నాను. చివరికి చైన్ మధ్యలో వేలుతో కదిపితే పైకీ కిందికీ కలిపి ఓ సెంటీమీటరు ఆడాలి. అంతకన్నా బిగిస్తే బేరింగులు అరుగుతాయి, వదిలేస్తే ఎత్తుపల్లాల్లో చైన్ ఊడుతుంది. తర్వాత 15 నంబరు పానాతో రెండు నట్లు. కుడి నట్టు ఇంకాస్త గట్టిగా ఉండాలి. బలంగా తొక్కినప్పుడు చైన్ ఆ వైపు ఇరుసునే ముందుకి లాగుతుంది.

గేర్ ఎంపికలో 44కి 17 దగ్గర, అంటే ముందు 44 పళ్లు, వెనక 17 పళ్ల దగ్గర స్థిరపడ్డాను. నిమిషానికి 90 సార్లు తొక్కితే గంటకి దాదాపు 30 కిలోమీటర్లు. షికాగో చదును ఊరు, కొండల్లేవు, కానీ సరస్సు మీంచి ఎదురుగాలి వీచిందంటే కొండెక్కినట్టే. సరస్సు ఒడ్డున 18 మైళ్లు సాగే లేక్‌ఫ్రంట్ ట్రెయిల్ మీద ఆ గాలిలో 46 పళ్లు నాకు బరువయ్యాయి. 17 అనే అంకెకి ఇంకో లాభం ఉంది. వెనక చక్రాన్ని జార్చి ఆపేవాళ్లకి టైరు ఎన్నిచోట్ల అరుగుతుందనేది ఆ రెండంకెల నిష్పత్తి మీద ఆధారపడుతుంది. 48కి 16 వేస్తే నిష్పత్తి సరిగ్గా 3, ప్రతిసారీ టైరులో ఒకే చోటు నేలకి రాసుకుంటుంది, త్వరలోనే టైరు లోపలి గుడ్డ కనిపిస్తుంది. 44కి 17 వేస్తే ఆ అరుగుదల 17 చోట్లకి పంచుకుంటుంది.

రోడ్ ఫ్రేమ్‌లో నిజమైన లోపం ఒకటుంది. ట్రాక్ ఫ్రేమ్ కన్నా బాటమ్ బ్రాకెట్ కిందికి ఉంటుంది. మలుపులో వాలినప్పుడు కూడా పెడల్ తిరుగుతూనే ఉంటుంది కదా, నేలకి తగులుతుంది. అసలు వచ్చిన 170 మిల్లీమీటర్ల క్రాంకు తీసేసి 165 వేశాక ఆ టెన్షన్ చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. బిగుతు మలుపుల్లో ఇప్పటికీ సైకిల్ నిటారుగా పట్టుకుని తిప్పుతాను.

దీని అసలు విలువ తెలిసేది చలికాలంలోనే. గేర్ల సైకిళ్లలో ఉప్పు, బురద, మంచు డీరేలర్‌లోకి చేరి పట్టేస్తాయి. ఇక్కడ పట్టేయడానికి ఏమీ లేదు. షికాగో నది వంతెనల మీది ఇనుప జాలీ వానకి జారుడుగా ఉంటుంది. అక్కడ వెనక చక్రం పట్టు ఎంతుందో కాళ్లకి వెంటనే తెలుస్తుంది, బ్రేకు ముట్టుకోకుండానే నెమ్మదిగా దాటేస్తాను. స్టీల్‌కి ఉప్పు శత్రువు కాబట్టి సైకిల్ కట్టే ముందే గొట్టాల లోపల అవిసె నూనె పోసి, అటూ ఇటూ తిప్పి ఆరబెట్టాను. ఒక్కో చలికాలానికి ఒక్కో చైన్ పోతుంది, చవకే.

అలంకారం జోలికి పెద్దగా పోలేదు. పాత రంగు అలాగే ఉంచాను. గేరు లీవర్లు పట్టీతో బిగించినవి, విప్పితే చాలు. నున్నగా కనిపిస్తుందని డీరేలర్ తగిలించే కొక్కెం కోసేసేవాళ్లున్నారు. కోయకండి, రేపు ఎవరైనా దాన్ని మళ్లీ గేర్ల సైకిల్ చేసుకోవాలనుకోవచ్చు.

పాత ఫ్రేమ్ చూడ్డానికి వెళ్లినప్పుడు హెడ్ ట్యూబ్ (ముందు ఫోర్కు దూరే పొట్టి గొట్టం) వెనకాల, గొట్టాల కింది వైపు వేలుతో తడిమి చూడండి. పెయింట్ ముడతలు పడి ఉంటే ఎప్పుడో గుద్దుకున్న బండి. సీటు పోస్టూ, హ్యాండిల్ స్టెమ్మూ అక్కడికక్కడే కదిలించి చూడండి. అల్యూమినియం స్టీల్ లోపల ఏళ్ల తరబడి ఉండిపోతే పట్టేస్తుంది, విడదీయడానికి ఫ్రేమ్ ఖరీదుకన్నా ఎక్కువవుతుంది. ఆ రెండూ కదలకపోతే ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.