సెట్టింగ్స్‌లో ఆండ్రాయిడ్ 14 అని ఉంది కదా అని నమ్మకండి: ట్యాబ్ కొనేవాళ్లకు జాగ్రత్త

పేరు ఎప్పుడూ వినని కంపెనీ ట్యాబ్‌ను ఆన్‌లైన్‌లో కొనబోతున్నవాళ్లు, ఆర్డర్ పెట్టే ముందు ఇది ఒక్కసారి చదవండి. ఇప్పటికే కొనేసి ఉంటే రిటర్న్ గడువు దాటకముందే చదవండి. నేను ఆ గడువు ఇంకొక్క రోజు ఉందనగా బయటపడ్డాను.

మా అమ్మాయి ఆన్‌లైన్ క్లాసుల కోసం తీసుకున్నాం. అమ్మకం పేజీలో ఆండ్రాయిడ్ 14, 12 జీబీ ర్యామ్, 512 జీబీ స్టోరేజీ అని పెద్ద అక్షరాలతో ఉంది. చేతికొచ్చాక సెట్టింగ్స్‌లో 'అబౌట్ ట్యాబ్లెట్' తెరిచి చూసుకున్నాను. అచ్చం అవే అంకెలు. దాంతో నాకున్న కాస్త అనుమానమూ తీరిపోయింది. అలా తీరిపోవడమే నా కొంప ముంచింది.

రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు "నాన్నా, క్లాసు యాప్ దిగట్లేదు" అంటూ మా అమ్మాయి ట్యాబ్ తెచ్చి చేతికిచ్చింది. ప్లే స్టోర్‌లో ఇన్‌స్టాల్ బటన్ ఉండాల్సిన చోట, ఈ యాప్ మీ డివైజ్‌లో పనిచేయదు అని ఒక లైను. అదే యాప్ ఆండ్రాయిడ్ 12 ఉన్న నా పాత ఫోన్లో ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోంది. 12 మీద నడిచేది 14 మీద ఎందుకు దిగదు? ఆ రాత్రే బ్యాంకు యాప్ కూడా వేసి చూశాను. తెరుచుకోవడమే తడవు, ఈ డివైజ్ సురక్షితం కాదని చెప్పి మూసుకుపోయింది.

అమ్మినవాళ్లకు మెసేజ్ పెడితే జవాబు వెంటనే వచ్చింది. "కొత్త మోడల్ కదా సార్, ప్లే స్టోర్ ఇంకా గుర్తుపట్టలేదు. ప్లే ప్రొటెక్ట్ ఆఫ్ చేసి ఈ లింకులో ఉన్న ఏపీకే ఫైలు వేసుకోండి, అన్నీ పనిచేస్తాయి." ప్లే ప్రొటెక్ట్ అంటే యాప్‌లలో ప్రమాదం ఉందేమో చూసే గూగుల్ కాపలా. ఏపీకే అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్‌ను నేరుగా వేసుకునే ఫైలు. తెల్లారితే క్లాసు ఉంది. చెప్పినట్టే చేశాను. దయచేసి మీరు ఆ పని చేయకండి.

ఆ లింకు నుంచి క్లాసు యాప్ పాత వెర్షన్ ఒకటి దిగింది. దాంతోపాటు నేను అడగని 'క్లీనర్' యాప్ కూడా వచ్చి కూర్చుంది. తెరవగానే యాక్సెసిబిలిటీ అనుమతి ఇమ్మంది. చూపు సరిగా లేనివాళ్లకూ, చేతులతో స్క్రీన్ వాడలేనివాళ్లకూ సాయపడే యాప్‌ల కోసం పెట్టిన అనుమతి అది. అది చేతిలో పడిందంటే ఆ యాప్ స్క్రీన్ మీద కనిపించే ప్రతిదీ చదవగలదు, మన బదులు బటన్లు నొక్కగలదు. ఓటీపీలు దొంగిలించే యాప్‌లు ముందుగా అడిగేది దీన్నే. ఫైళ్లు శుభ్రం చేసే యాప్‌కు దీంతో పనేంటి? అక్కడ నా చెయ్యి ఆగింది.

ఆ ఆగడంలోనే అసలు సంగతి తట్టింది. ఆండ్రాయిడ్ 13 నుంచి, బయట దింపుకున్న ఏపీకేతో వేసిన యాప్‌కు యాక్సెసిబిలిటీ ఇవ్వబోతే సిస్టమే అడ్డం పడుతుంది. భద్రత కోసం ఈ సెట్టింగ్‌ను ఆపేశాం అని చెబుతుంది. ఈ ట్యాబ్‌లో అలాంటి అడ్డమేమీ లేదు, స్విచ్ ఒక్క తాకుతో ఆన్ అవడానికి సిద్ధంగా ఉంది. అప్పుడు మిగతావీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్తగా వేసిన యాప్ ఏదైనా నోటిఫికేషన్లు పంపాలంటే మొదట మనల్ని అడగాలి. ఇక్కడ ఒక్క యాప్ కూడా అడగలేదు. ఆండ్రాయిడ్ 12 నుంచి కెమెరా గానీ మైక్ గానీ వాడుతున్నంతసేపు స్క్రీన్ పైమూలన ఆకుపచ్చ గుర్తు కనిపిస్తుంది. కెమెరా తెరిచి చూశాను. ఏ గుర్తూ లేదు. మీ దగ్గరున్న ట్యాబ్‌లో ఈ రెండూ ఇప్పుడే చూసుకోండి, ఏ యాప్ అక్కర్లేదు, నిమిషం పని.

తర్వాత డివైజ్ లోపలి వివరాలు చూపించే సీపీయూ-జెడ్ అనే యాప్‌ను ప్లే స్టోర్ నుంచి వేసుకుని అందులో సిస్టమ్ అనే పేజీ తెరిచాను. ఆండ్రాయిడ్ వెర్షన్ 14. దాని కిందే ఏపీఐ లెవెల్ 29. ప్రతి ఆండ్రాయిడ్ వెర్షన్‌కూ లోపల యాప్‌ల కోసం ఉండే వరస అంకె అది. ఈ రెండూ ఒకే డివైజ్‌లో ఉండటానికి వీల్లేదు. ఏపీఐ 29 అంటే ఆండ్రాయిడ్ 10, అంటే 2019లో వచ్చింది. ఆండ్రాయిడ్ 11 అయితే 30, 12కి 31 లేదా 32, 13కి 33, 14కి 34, 15కి 35 ఉండాలి. ఈ అంకెలు ఎక్కడైనా రాసి పెట్టుకోండి.

సెట్టింగ్స్ అబద్ధం ఎలా చెబుతుందని మా ఇంట్లో అందరూ అడిగారు. ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్. దాన్ని ట్యాబ్‌లోకి ఎక్కించేవాళ్లు అందులో ఏదైనా మార్చుకోవచ్చు. సెట్టింగ్స్‌లో మనకు కనిపించే '14' అనేది సిస్టమ్ ఫైల్లో రాసి ఉన్న ఒక మాట, అంతే. 10ని కొట్టేసి 14 అని రాస్తే 14 అని చూపిస్తుంది. ఏపీఐ లెవెల్ అలా కాదు. ఏ సదుపాయాలు వాడుకోవచ్చో యాప్‌లు ఆ అంకె చూసే నిర్ణయించుకుంటాయి. అక్కడ 34 అని దొంగలెక్క రాస్తే, లేని సదుపాయాన్ని పిలిచి యాప్‌లు కుప్పకూలుతాయి, ట్యాబ్ మొదటి రోజే దొరికిపోతుంది. అందుకే దాని జోలికి పోతే వాళ్లకే నష్టం. ప్లే స్టోర్ కూడా చూసేది ఆ అంకెనే కాబట్టి, క్లాసు యాప్ దిగనప్పుడు మాకు నిజం చెప్పింది అదొక్కటే.

ర్యామ్ 2 జీబీ అని తేలింది. పేరున్న కంపెనీలు కూడా '4+8' అని వేసి 12 అని చెప్పుకుంటున్నాయి గానీ, వాళ్లు కనీసం ఆ ప్లస్ గుర్తైనా చూపిస్తారు. ఆ 8 స్టోరేజీలోంచి అరువు తెచ్చుకున్నది, అసలు ర్యామ్ అంత వేగంగా పనిచేయదు. స్టోరేజీ సంగతి తేల్చడానికి ఒక పెద్ద వీడియోను మళ్లీ మళ్లీ కాపీ చేస్తూ పోయాను. 20 జీబీ దాటిన కాసేపటికే ఖాళీ లేదంది. అప్పటికీ సెట్టింగ్స్‌లో 512లో చాలా మిగిలి ఉన్నట్టే చూపిస్తోంది.

ఇంకో పరీక్ష ఉంది, నన్నడిగితే అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఇదే. ప్లే స్టోర్ తెరిచి, పైన మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి, సెట్టింగ్స్‌లో అబౌట్‌కు వెళ్లండి. అక్కడ 'ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్' అని ఉంటుంది. దాని కింద డివైజ్ సర్టిఫై అయిందని ఉండాలి. మాదాంట్లో కాలేదని ఉంది. అంటే గూగుల్ పరీక్షల్లో ఆ ట్యాబ్ నెగ్గలేదు. ప్లే స్టోర్ బొమ్మ కనిపిస్తోంది కదా, అసలైనదే అయ్యుంటుంది అనుకోవద్దు. బ్యాంకు యాప్‌లు మూసుకుపోవడం వెనకున్నదీ సాధారణంగా ఇలాంటి కారణమే.

క్లాసు యాప్ పోతే పోయింది, నన్ను భయపెట్టింది వేరే విషయం. బ్యాడ్‌బాక్స్ 2.0 అనే ముఠా వల గురించి 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరిక జారీ చేసింది. చవక టీవీ బాక్సులు, ప్రొజెక్టర్లు, డిజిటల్ ఫొటో ఫ్రేముల వంటి వాటిలో, కొనకముందే లోపల దొంగ సాఫ్ట్‌వేర్ పెట్టి అమ్ముతున్నారని, లేదా మొదటిసారి సెటప్ చేసేటప్పుడు దింపించే యాప్‌లతో ఎక్కిస్తున్నారని దాని సారాంశం. మన ఇంటి ఇంటర్నెట్‌ను మనకు తెలియకుండానే నేరగాళ్లు వాడుకుంటారన్నమాట. మరుసటి నెలే గూగుల్ ఆ ముఠా మీద న్యూయార్క్‌లో దావా వేసింది. కోటికి పైగా డివైజ్‌లు ఆ వలలో చిక్కాయని అందులో చెప్పింది. అనుమానించాల్సిన గుర్తులంటూ ఎఫ్‌బీఐ చెప్పినవాటిలో, ప్లే ప్రొటెక్ట్ ఆఫ్ చేయమని అడగడం ఒకటి, సర్టిఫికేషన్ లేకపోవడం ఇంకొకటి. మా ట్యాబ్‌లో రెండూ ఉన్నాయి. సిస్టమ్‌లోనే కలిపి పెట్టిన సాఫ్ట్‌వేర్ ఫ్యాక్టరీ రీసెట్ చేసినా పోదు. రీసెట్ చెరిపేది మనం వేసుకున్నవాటిని, మన డేటాను మాత్రమే.

వెంటనే వైఫై తీసేశాను. నా ఫోన్లోంచి గూగుల్ అకౌంటు తెరిచి, డివైజ్‌ల జాబితాలో ఆ ట్యాబ్‌ను సైన్ అవుట్ చేసి, పాస్‌వర్డ్ మార్చాను. మార్చడం ఆ ట్యాబ్‌లోనే చేస్తే కొత్తది కూడా వాళ్లకు చెప్పినట్టే, వేరే ఫోన్లోనే చేయండి.

రిటర్న్ అడిగితే మొదటిసారి కుదరదన్నారు. అబౌట్ పేజీ ఫొటో తిప్పి పంపి, 14 అనే ఉంది కదా సార్ అన్నారు. రెండోసారి మాటలు తగ్గించి, 14 పక్కనే ఏపీఐ 29 కనిపించే ఫొటో, సర్టిఫికేషన్ లేదన్న లైను, అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్ మూడూ నేరుగా ఆ వెబ్‌సైటు వాళ్లకే పెట్టాను. ఈసారి ఒప్పుకున్నారు. ట్యాబ్ వెళ్లిపోయింది, డబ్బు వెనక్కి వచ్చింది. అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్ మాత్రం కొన్న రోజే తీసి పెట్టుకోండి. నేను ఫిర్యాదు చేసిన వారంలోనే ఆ పేజీ మాయమైంది. నిన్న ఇంకో కంపెనీ పేరుతో అదే ట్యాబ్ మళ్లీ కనిపించింది. పేరు మారింది, రంగు మారింది, వెనక కెమెరా కింద ఉన్న వెండి గీత అదే. ఈసారి ఆండ్రాయిడ్ 15 అని రాశారు.